ఏ దారిన వచ్చారు? – తెలుగు సినిమా కళాకారుల సామాజిక నేపథ్యం

పదవ తరగతి పిల్లలకు నాటక పాఠం చెబుతున్న రోజున వెనక బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచి, “సార్, సినిమాల్లోకి పోవాలంటే ఏం చదవాలండీ?” అని అడిగాడు. తరగతి గొల్లుమంది. అడిగినవాడు మాత్రం నవ్వలేదు. వాడి తండ్రి బజారులో బస్తాలు మోసే హమాలీ. పాఠశాల వార్షికోత్సవంలో వాడు వేసిన ఏకపాత్ర చూసి, రిహార్సలు చేయించిన నేనే నివ్వెరపోయాను. “ముందు పది గట్టెక్కరా” అని ఆ పూటకు తప్పించుకున్నాను గాని, ప్రశ్న నన్ను విడిచిపెట్టలేదు. దానికి నిజాయితీగా జవాబు చెప్పాలంటే “ఏ కాలంలో?” అన్న ఎదురు ప్రశ్నతో మొదలుపెట్టాలి.

సినిమాను గురించి మన సాహిత్య పత్రికల్లో చర్చ జరగకపోలేదు. కథలోని భావజాలాన్ని చర్చించాం, పాటలోని కవిత్వాన్ని తూచాం, అశ్లీలాన్ని ఖండించాం. కాని ఆ సినిమాలు తీసినవాళ్ళు, ఆడినవాళ్ళు ఎక్కడినుంచి వచ్చారు, ఏ దారిన వచ్చారు, వస్తూ వెంట ఏం తెచ్చుకున్నారు అన్న విషయం మీద జరిగిన పని తక్కువ. అంచేత రెండు రకాల మాటలు చెలామణీ అవుతున్నాయి. ఒకటి సినిమా పత్రికల మాట: అంతా ప్రతిభ, అదృష్టం, ఎవరో పెద్దమనిషి కంటపడటం. రెండవది మన మాట: అది పెట్టుబడి రాజ్యం, అందులో అడుగుపెట్టినవాడల్లా అమ్ముడుపోయినవాడే. ఈ రెండింటిలోనూ వివరాలు వెదికే శ్రమ లేదు. ఆ శ్రమ కొంత చేసి చూద్దాం.

పందిరి నుంచి తెరకు

తెలుగు సినిమాకు మొదటి అడుగు వేసిన రఘుపతి వెంకయ్య నటుడు కాదు, కవీ కాదు. మద్రాసులో ఫోటో స్టూడియో నడిపినవాడు. బొమ్మలు కదలడం ఆయనకు మొదట వృత్తికి సంబంధించిన వింత. ఆ తరువాతే కళ. ఆయన కుమారుడు ప్రకాశ్ తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ (1921) మూకీ చిత్రం. మూకీకి ముఖం చాలు, గొంతు అక్కరలేదు. టాకీ రావడంతో పరిస్థితి ఒక్కసారిగా మారింది. మాట కావాలి, అంతకుమించి పద్యం కావాలి. పద్యం పాడుతూ నటించగలవారు ఆనాడు ఒక్క నాటకరంగంలోనే ఉన్నారు.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ప్రారంభించిన నాటక సమాజం కుటుంబం కుటుంబమే రంగస్థలంగా బతికింది. ఆడవేషాలు ఆడవారే వేసిన సమాజం అది. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి పాత్ర ధరించింది సురభి కమలాబాయి. తెలుగు తెరమీద తొలి కథానాయిక ఊరూరా డేరా వేసుకుని తిరిగిన ఒక సంచార నాటక కుటుంబం బిడ్డ అన్నమాట. ఈ ఒక్క వాస్తవం గుర్తుంచుకుంటే తొలి సినిమాలు ‘నాటకంలా ఉన్నాయి’ అని తీసిపారేసే విమర్శ ఎంత పైపైదో తెలుస్తుంది. అవి నాటకంలా ఉండక తప్పదు. నటులు, పాటలు, ప్రేక్షకుడి అలవాటు కూడా నాటకానివే.

స్త్రీల విషయం విడిగా చెప్పుకోవాలి. అప్పటి ‘గౌరవనీయ’ కుటుంబాలలో ఆడపిల్లకు పాట నిషిద్ధం, ఆట మహాపాపం. సంగీతం, నాట్యం, సాహిత్యం వంశపారంపర్యంగా నేర్చుకున్న కళావంతుల కుటుంబాల స్త్రీలకే తెరకు కావలసిన విద్య ఉండేది. సంఘం వారిని చిన్నచూపు చూసింది, టిక్కెట్టు కొని వారి పాటే విన్నది. ఈ ద్వంద్వనీతిని చెప్పకుండా తొలితరం నటీమణుల చరిత్ర రాయలేం. తండ్రి దగ్గర సంగీతం నేర్చి, ‘వరవిక్రయం’ (1939)తో తెరకు వచ్చిన భానుమతి మరో దారి వేసింది. నటి, గాయని, ‘చండీరాణి’ (1953) దర్శకురాలు, స్టూడియో యజమాని, ‘అత్తగారి కథలు’ రాసిన రచయిత్రి. ఇన్ని పనులు ఒక మనిషిలో కలవడం ప్రతిభకు గుర్తే. అయితే ఆ తరువాత స్త్రీలు దర్శకత్వానికి వచ్చింది వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే. ‘చిన్నారి పాపలు’ (1968) తీసిన సావిత్రి, నలభైకి పైగా చిత్రాలకు దర్శకత్వం వహించిన విజయనిర్మల కూడా ముందు నటనలో పేరు సంపాదించుకున్న తరువాతే ఆ కుర్చీలో కూర్చోగలిగారు. మగవాడికి దర్శకత్వానికి పది దారులుంటే, స్త్రీకి చాలాకాలం ఉన్నది ఒకే దారి: ముందు తెరమీద వెలగాలి.

కృష్ణా జిల్లా రామాపురంలో రైతుకుటుంబంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు చదువు ప్రాథమిక స్థాయి దాటలేదు. నాటకాలలో ఆడవేషాలు వేసి పేరు తెచ్చుకున్నాడు. ఘంటసాల బలరామయ్య ఆయనను విజయవాడ రైల్వేస్టేషనులో చూశాడన్న ముచ్చట అందరూ చెబుతారు. స్టేషనులో చూడటం యాదృచ్ఛికమే కావచ్చు. ఆ చూపు పడేనాటికి ఆ కుర్రవాడి వెనక ఎన్నో ఏళ్ళ రంగస్థల శిక్షణ ఉండటం యాదృచ్ఛికం కాదు.

ప్రెస్సు, పత్రిక, జమీను

రెండవ దారి అచ్చుయంత్రం గుండా వచ్చింది. ‘మాలపిల్ల’ (1938), ‘రైతుబిడ్డ’ (1939) తీసిన గూడవల్లి రామబ్రహ్మం ‘ప్రజామిత్ర’ పత్రికా సంపాదకుడు. ఆయన చుట్టూ చేరిన సముద్రాల రాఘవాచార్య, తాపీ ధర్మారావు, త్రిపురనేని గోపీచంద్ వంటివారు పత్రికల నుంచి, సాహిత్యం నుంచి, సంస్కరణోద్యమాల నుంచి వచ్చినవారు. అంటరానితనం, రైతు బాధలు వంటి వస్తువులు అప్పటికే సంపాదకీయాలలో, కథలలో నలిగినవి. వారు వస్తూ వస్తూ వాటిని వెంటతెచ్చారు.

ఇక్కడ మన సూత్రాలకు తేలికగా లొంగని ఒక విషయం ఉంది. ఆ సినిమాలకు డబ్బు పెట్టిన సారథి సంస్థకు అధిపతి చల్లపల్లి జమీందారు. జమీందారీ వ్యతిరేక చిత్రానికి జమీందారు పెట్టుబడి! ‘రైతుబిడ్డ’ను ఇతర జమీందార్లు వ్యతిరేకించారు, కొన్నిచోట్ల ప్రదర్శన నిషేధానికి గురయింది. తరువాతి కాలంలో అదే చల్లపల్లి ఎస్టేటు భూముల కోసం కమ్యూనిస్టులు పోరాటం నడిపారు. పెట్టుబడి ఎవరిదో తెలిస్తే సినిమా స్వభావం తెలిసిపోతుందనుకునేవారు ఈ ఉదాహరణ దగ్గర ఆగి ఆలోచించాలి. అలాగే మరొకటి. తెరమీద మాలపిల్ల కనిపించింది, గుడి తలుపుల గురించి మాట్లాడింది. తెర వెనుక మాత్రం దళితవాడ నుంచి వచ్చిన దర్శకుడుగాని, రచయితగాని లేరు. సంస్కర్త తలుపు తట్టాడు గాని, తాళంచెవి ఇతరుల చేతికి ఇవ్వలేదు.

వాహినీ, విజయా సంస్థల వెనుక ఉన్నదీ ప్రెస్సే. బి.ఎన్. రెడ్డి, నాగిరెడ్డి సోదరులకు మద్రాసులో అచ్చు వ్యాపారం ఉండేది. చక్రపాణి శరత్ నవలలను బెంగాలీ నుంచి తెలుగు చేసిన అనువాదకుడు. 1947లో నాగిరెడ్డితో కలిసి ‘చందమామ’ను ప్రారంభించాడు. కె.వి. రెడ్డి సైన్సు పట్టభద్రుడు, వాహినీలో డబ్బు లెక్కలు చూసిన మనిషి. పింగళి నాగేంద్రరావు ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసి, బందరు నాటకరంగంలో చెయ్యితిరిగిన రచయిత. పిల్లల పత్రిక నడిపినవాడు, లెక్కలు చూసినవాడు, నాటక రచయిత కలిసినచోట ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) పుట్టాయి. వాటిలోని క్రమశిక్షణ, కథ చెప్పడంలోని తేటదనం ఆకాశంనుంచి ఊడిపడలేదు. వారు అంతకుముందు చేసిన పనుల ముద్రలు అవి.

ప్రజానాట్యమండలి: అమ్ముడుపోయారా?

మన సంఘానికి అతి దగ్గరైన దారి ఇది. అంచేత దీన్ని గురించి మరింత జాగ్రత్తగా మాట్లాడాలి.

1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి నాటకాన్ని, బుర్రకథను పొలాల గట్లమీదికి తీసుకుపోయింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల ‘ముందడుగు’, ‘మాభూమి’ నాటకాలు పల్లెపల్లెనా ఆడాయి. నాయకుడు గరికపాటి రాజారావు వృత్తిరీత్యా వైద్యుడు. నాజర్ చేతిలో బుర్రకథ కొత్త ప్రాణం పోసుకున్నది. తెలంగాణ పోరాటకాలంలో, ముఖ్యంగా 1948 తరువాత, ప్రభుత్వ నిర్బంధం మండలిమీద విరుచుకుపడింది. నాటకాలు నిషేధించారు. కళాకారులు కొందరు జైళ్ళపాలయ్యారు, కొందరు అజ్ఞాతంలోకి వెళ్ళారు. తిండిపెట్టే ప్రేక్షకుడి దగ్గరకు పోయే దారులు మూసుకుపోయాయి.

అప్పుడు మద్రాసు రైలు ఎక్కినవారి పట్టిక చూడండి. తాతినేని ప్రకాశరావు, వి. మధుసూదనరావు, కె.బి. తిలక్ దర్శకులయ్యారు. మిక్కిలినేని, అల్లు రామలింగయ్య నటులయ్యారు. రాజారావు స్వయంగా ‘పుట్టిల్లు’ (1953) తీసి, దుగ్గిరాలలో పెరిగి నాటకాలాడుతున్న జమునను నాయికగా పరిచయం చేశాడు. రామలింగయ్యకూ అదే తొలి చిత్రం. సినిమా ఆర్థికంగా దెబ్బతిన్నది. పల్లెలో పెట్రోమాక్సు వెలుగులో వేలమందిని కూర్చోబెట్టిన మనిషి, పంపిణీదారుల లెక్కలముందు నిలవలేకపోయాడు. 1963లో రాజారావు కన్నుమూశాడు. ఆయన ప్రవేశపెట్టిన నటీనటులు దశాబ్దాలపాటు వెలిగారు.

వీరిని ‘ఉద్యమాన్ని వదిలి డబ్బుకోసం పోయినవారు’ అని మన సభలలో చాలాసార్లు అన్నాం. నేనూ ఆ మాట అన్నవాడినే. ఇప్పుడు అనలేను. వారు వదిలిన వేదికను ముందుగా పోలీసులు కూల్చారు. కూలిన వేదికమీద నిలబడలేదని నటుణ్ణి నిందించడం న్యాయం కాదు. రెండవ విషయం, వారు ఉత్త చేతులతో పోలేదు. సారథివారి ‘రోజులు మారాయి’ (1955)లో కనిపించే రైతు, తిలక్ తీసిన ‘ముద్దుబిడ్డ’ (1956), ‘ఎం.ఎల్.ఎ.’ (1957), చాలాకాలం తరువాత తీసిన ‘భూమికోసం’ (1974), ఎన్.టి. రామారావు చిత్రం ‘అగ్గిరాముడు’ (1954)లో వినిపించిన నాజర్ బుర్రకథ – ఇవన్నీ ఉద్యమం కదిలించిన కాలపు జాడలే. ‘రోజులు మారాయి’ దర్శకుడు తాపీ చాణక్య తాపీ ధర్మారావు కుమారుడన్నదీ గుర్తుపెట్టుకోదగ్గది.

అయితే ప్రశంసతో ఆగిపోతే అదీ సగం నిజమే అవుతుంది. మండలిలో నటుడు పార్టీకి, ప్రేక్షకుడికి జవాబుదారీ. నాటకం నచ్చకపోతే రైతు అక్కడే లేచి చెప్పేవాడు. స్టూడియోలో నటుడి జవాబుదారీ నిర్మాతకు, బాక్సాఫీసుకు. మనిషి అతడే, మాట అదే, కాని ఆ మాట ఎవరికి చెప్పుకోవాలో మారింది. కొద్ది సంవత్సరాలలో ఆ మాటలోని పదునూ తగ్గింది. వ్యక్తుల నిజాయితీ గురించి వాదులాడుకుంటూ మనం ఈ మార్పును పట్టించుకోలేదు.

రిజిస్ట్రారు ఆఫీసు నుంచి, బ్యాంకు నుంచి

మూడవ పెద్ద దారి ఇంగ్లీషు చదువు, సర్కారీ కొలువు. ఎన్.టి. రామారావు గుంటూరులో బి.ఏ. చదివి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఉద్యోగం వదులుకుని వచ్చాడు. ‘మనదేశం’ (1949)లో పోలీసు ఇన్‌స్పెక్టరు వేషం తొలిపాత్ర. ఎస్.వి. రంగారావు అగ్నిమాపక శాఖలో పనిచేశాడు. రమణారెడ్డి శానిటరీ ఇన్‌స్పెక్టరు. నెలజీతం వదులుకోవడం మధ్యతరగతివాడికి చిన్న సాహసం కాదు. కాని జీతం వదులుకోవాలంటే ముందు జీతం ఉండాలి, వెనక ఎకరమో అరో ఉండాలి. ఈ మాట సినిమా జీవితచరిత్రలు చెప్పవు.

తరువాతి తరంలో ఈ దారి మరో రూపం ధరించింది. ఆఫీసుల్లో పనిచేస్తూ, సాయంత్రాలు రిహార్సళ్ళు చేస్తూ, సెలవుపెట్టి పరిషత్తు పోటీలకు తిరిగిన ఔత్సాహిక నటులు వందలమంది. కోట శ్రీనివాసరావు బ్యాంకు ఉద్యోగి. బ్రహ్మానందం అత్తిలిలో తెలుగు ఉపన్యాసకుడు. సి.ఎస్. రావు నాటకం ఆధారంగా వచ్చిన ‘ప్రాణం ఖరీదు’ (1978) ఈ సందర్భంలో చూడవలసిన సినిమా. నాటకరంగం నుంచి వచ్చిన కోటకు అది తొలిచిత్రం. మద్రాసు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూటులో శిక్షణ పొందిన చిరంజీవికి విడుదలైన తొలిచిత్రమూ అదే. ఒక దారి ముగింపుకు వస్తున్నచోట మరొక దారి మొదలైంది.

స్టూడియోల లోపలినుంచి ఎదిగినవారిని కూడా మరచిపోకూడదు. ఆదుర్తి సుబ్బారావు ఎడిటింగు బల్ల దగ్గరనుంచి దర్శకత్వానికి వచ్చాడు. ‘తేనెమనసులు’ (1965)లో కొత్తవారిని పెట్టి సినిమా తీసి మెప్పించాడు. కె. విశ్వనాథ్ వాహినీలో శబ్దగ్రహణ శాఖలో పనిచేశాడు. ‘శంకరాభరణం’ (1980)లో నిశ్శబ్దానికి, శ్రుతికి ఇచ్చిన విలువ వెనుక ఆ చెవి ఉన్నది. బాపు న్యాయశాస్త్రం చదివిన చిత్రకారుడు, ముళ్ళపూడి వెంకటరమణ పాత్రికేయుడు. ఇద్దరి తొలి ప్రయత్నం ‘సాక్షి’ (1967)లో ఫ్రేము గీసినట్టుంటుంది, సంభాషణ పత్రికలో శీర్షికంత పొదుపుగా ఉంటుంది. మనిషి ముందు చేసిన పని తరువాత చేసే కళలో దాక్కుని ఉంటుందనడానికి ఇంతకంటె వేరే నిదర్శనం అక్కరలేదు.

మరికొన్ని దారులు

‘మా భూమి’ (1980) పేరు విని అది మండలి నాటకమే అనుకునే విద్యార్థులున్నారు. కాదు, కిషన్ చందర్ ఉర్దూ నవల దానికి ఆధారం. దర్శకుడు బెంగాలీ అయిన గౌతమ్ ఘోష్. బండి యాదగిరి కట్టిన పాటను తెరమీద గద్దర్ పాడాడు. నిర్మాతలలో ఒకరైన బి. నర్సింగరావు తెలంగాణ భూస్వామ్య కుటుంబంలో పుట్టి, చిత్రకళ చదివినవాడు. ఆయనే తరువాత ‘దాసి’ (1988) తీసి గడీ లోపలి దాస్యాన్ని చూపించాడు. పుట్టుక మనిషిని ఒకచోట నిలబెడుతుంది. అక్కడినుంచి ఏ వైపు చూడాలో మాత్రం అతడే నిర్ణయించుకోవాలి. నర్సింగరావు తన వెనక్కు తిరిగి చూశాడు. అదే దశాబ్దంలో ప్రజానాట్యమండలి మలితరం నుంచి మాదాల రంగారావు ‘యువతరం కదిలింది’ (1980)తో, టి. కృష్ణ ‘నేటి భారతం’ (1983)తో వచ్చారు. చిన్నచిన్న వేషాలు వేసిన ఆర్. నారాయణమూర్తి ‘అర్ధరాత్రి స్వతంత్రం’ (1986)తో తానే నిర్మాత, దర్శకుడు అయ్యాడు.

1989లో ‘శివ’ తీసిన రామ్‌గోపాల్ వర్మ ఇంజనీరింగు చదివి, వీడియో క్యాసెట్ల దుకాణం నడిపినవాడు. ఆయనకు గురువు నాటక సమాజం కాదు, క్యాసెట్టు. శేఖర్ కమ్ముల అమెరికాలో చదువుకుని వచ్చి ‘డాలర్ డ్రీమ్స్’ (2000) తీశాడు. వీరి తరువాత ఇంజనీరింగు కళాశాల తెలుగు సినిమాకు పెద్ద దారి అయింది. సొంత కెమెరా, పొట్టి చిత్రం, కొంతకాలం ఆగగలిగే ఇంటి పరిస్థితి – ఇవి కొత్త అర్హతలు. ఇంకొక దారి అన్నిటికంటె విశాలమైంది, అన్నిటికంటె ఇరుకైంది: కుటుంబం. మొదటితరం తమ చెమటతో కట్టిన ఇల్లు మూడవతరానికి స్టూడియో అయింది. వారసులలో సమర్థులు లేరని కాదు. కాని ఒక అసమర్థుడికి పదిసార్లు అవకాశం దొరికే వ్యవస్థలో ఒక సమర్థుడికి ఒక్కసారి కూడా దొరకదు.

అయినా దారులు పూర్తిగా మూసుకుపోలేదు. ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018)లో వెంకటేశ్ మహా విశాఖపట్నంలోని ఆ పేటవాసులనే ఎక్కువగా నటింపజేశాడు. హాస్యనటుడుగా ఏళ్ళతరబడి చిన్న వేషాలు వేసిన వేణు యెల్దండి ‘బలగం’ (2023)కు దర్శకుడయ్యాడు. ఆ చిత్రం చివర జానపద గాయక దంపతులు మొగిలయ్య, కొమురమ్మ పాడిన పాటకు ఊళ్ళలో తెరలు కట్టుకుని చూసినవారు కన్నీరు పెట్టారు. సురభి కమలాబాయి నుంచి నాజర్ మీదుగా మొగిలయ్య దాకా తొంభై ఏళ్ళ తరువాత కూడా తెలుగు తెర తడి కావలసినప్పుడు ఊరి పందిరి దగ్గరకే వెళ్ళింది. మొగిలయ్య 2024లో కన్నుమూశాడు. ఆ కళాకారుణ్ణి తెర గుర్తించింది జీవితం చివరి అంకంలో.

తేలిందేమిటి?

ఇన్ని ఉదాహరణల తరువాత మూడు విషయాలు స్పష్టమవుతున్నాయి. ఒకటి, సినిమాకు ‘సినిమావాడు’ అంటూ పుట్టుకతో ఎవరూ లేరు. ప్రతి కాలంలోనూ అప్పటికే ఉన్న ఏదో ఒక సంస్థ – నాటక సమాజం, పత్రిక, ఉద్యమం, ఆఫీసు, శిక్షణాలయం, కళాశాల – తాను తయారుచేసిన మనిషిని దానికి అందించింది. రెండు, ఆ సంస్థ ఇచ్చిన చూపు ఆ మనిషి కళలో నిలిచింది; పుట్టిన వర్గం ఒక్కటే దాన్ని నిర్ణయించలేదు. మూడు, సంస్థలు చచ్చినప్పుడు మిగిలేవి డబ్బు, బంధుత్వం. కాబట్టి సినిమాలో మనుషులు కనిపించడంలేదని వాపోయే విమర్శకుడు, తన ఊళ్ళో నాటక సమాజం ఎప్పుడు మూతపడిందో కూడా అడిగి తెలుసుకోవాలి.

సాహిత్య విద్యార్థులకు ఒక పని సూచిస్తున్నాను. మీ జిల్లానుంచి తెరకు వెళ్ళినవారి పేర్లు రాయండి. పేరుపొందినవారివే కాదు, మేకప్ చేసినవారివి, కోరస్ పాడినవారివి, గుంపులో నిలబడి తిరిగివచ్చినవారివి కూడా. ఏ దారిన వెళ్ళారో, ఎందుకు తిరిగివచ్చారో రాయండి. వారిలో వృద్ధులు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

ఇక నా విద్యార్థి ప్రశ్న. మొన్న వాణ్ణి పిలిచి, “ఏం చదివినా వెళ్ళవచ్చురా, కాని ఒక్కడివే వెళ్ళకు” అన్నాను. వాడికి అర్థం కాలేదు. శనివారం సాయంత్రాలు బడి వరండాలో నాటకం మొదలుపెట్టాం. తొమ్మిదిమంది వచ్చారు. ఇద్దరు ఆడపిల్లలు. వాడు అందరికంటె ముందు వచ్చి వరండా ఊడుస్తున్నాడు.